పెరటి వసారాలో పెద్ద బర్నరు పొయ్యి: ఏడు నెలల పని డైరీ

మా ఇల్లు శ్రీకాకుళం గుజరాతీపేటలో. అరసవల్లి దగ్గరే కాబట్టి ఆదివారాలు, రథసప్తమి, సంక్రాంతి అంటే ఇంటికి ఇరవై పైన మనుషులు వస్తారు. వంటింటి పొయ్యి మీద పన్నెండు లీటర్ల డేగిసా మరగడానికి ముప్పావు గంట పట్టేది. ఇండక్షన్ పొయ్యి పెట్టుకోమని అందరూ అన్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాక కరెంటు లేకుండా గడిపిన రోజులు మర్చిపోలేదు కాబట్టి గ్యాసే అనుకున్నాం. ఇదే పని చేసుకునేవాళ్ళు నేను పోగొట్టుకున్న డబ్బూ టైమూ పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

మొదటి దశ: తప్పు పొయ్యి కొన్నాను (2024 అక్టోబరు)

పాత హోటలు సామాన్లు అమ్మే కొట్లో ఇనప బర్నరు, స్టాండు కలిపి 1,900 రూపాయలకు కొన్నాను. దానికి హై ప్రెషర్ రెగ్యులేటరు, పైపు కావాలన్నారు. అవి 700.

బిగించే ముందు గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌ని పిలిచాను. ఆయన రెగ్యులేటరు చేతిలోకి తీసుకుని చూసి, "బాబూ, ఇది ఇంట్లో పెట్టకండి. మీ ఇంటి సిలిండరుకి అసలే వద్దు" అన్నాడు. కారణం కూడా చెప్పాడు. ఇంటి రెగ్యులేటరు గ్యాసును చదరపు సెంటీమీటరుకు సుమారు 30 గ్రాముల ఒత్తిడికి తగ్గించి పంపుతుంది. హోటలు పొయ్యిలు కిలో ఒత్తిడి దాకా పోతాయి. అంటే 30 రెట్లు పైనే. పైపు ఎక్కడైనా జారితే, ఒక వాషరు చిట్లితే బయటికొచ్చే గ్యాసు కూడా చాలా రెట్లు పెరుగుతుంది. మా వసారాలో పిల్లలు తిరుగుతారు. రెగ్యులేటరు తీసి అటక మీద పడేశాను. కొట్టువాడు వెనక్కి తీసుకోలేదు.

ఇప్పటివరకు ఖర్చు: 2,600. మండిన గ్యాసు: సున్నా.

రెండో దశ: కొలవడానికి సామాను

మంట పెద్దగా కనిపించినంత మాత్రాన వేడి ఎక్కువని కాదు. ఈ సంగతి నాకు మూడో దశలో తెలిసింది గానీ, తెలియడానికి కారణం ఈ రెండో దశలో చేసుకున్న ఏర్పాటే. అందుకే ముందు ఇది చేసుకోమని చెప్తున్నాను.

ఒత్తిడి కొలవడానికి మీటరు కొనలేదు. తాపీ మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శకపు పైపు రెండు మీటర్లు తెచ్చాను. చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములంటే సరిగ్గా 30 సెంటీమీటర్ల నీటి ఎత్తు. కాబట్టి ఇంటి గ్యాసు ఒత్తిడిని స్కూలు స్కేలుతో కొలవొచ్చు.

1. పైపును యు ఆకారంలో వంచి చెక్క పలకకు మేకులతో, తీగతో కట్టాను. ఒక్కో కాలు 60 సెంటీమీటర్లు.
2. సగం దాకా పసుపు కలిపిన నీళ్ళు పోశాను. రంగు లేకపోతే గీత కనపడదు.
3. గ్యాసు పైపుకీ పొయ్యికీ మధ్య ఇత్తడి టీ జాయింటు పెట్టి, దాని మూడో మూతికి ఈ పైపు క్లిప్పుతో బిగించాను. రెండో కొస తెరిచే ఉంటుంది.
4. ఒక కాలులో నీళ్ళు దిగి, రెండో కాలులో ఎక్కుతాయి. రెండింటి మధ్య తేడా ఎన్ని సెంటీమీటర్లో అదే ఒత్తిడి.

ఇదంతా ఆరుబయట, మధ్యాహ్నం, చుట్టూ ఎక్కడా మంట లేకుండా చూసుకుని చేశాను. కొలత అయిన వెంటనే టీ జాయింటు తీసేసి పైపును మళ్ళీ సూటిగా బిగించాను. దాన్ని లైనులో వదిలెయ్యకండి. ప్రతి జాయింటూ లీకు కాగల చోటే.

గ్యాసు తూకానికి మా వీధి బియ్యం కొట్టు మావయ్య దగ్గర 50 కిలోల ఎలక్ట్రానిక్ కాటా అడిగి తెచ్చాను. అది 10 గ్రాముల లెక్కన చూపిస్తుంది. ఒకసారి నీళ్ళు కాస్తే పోయే గ్యాసు 50, 60 గ్రాములే కాబట్టి ప్రతి పరీక్షా వరసగా మూడుసార్లు చేసి, మొత్తాన్ని మూడుతో భాగించాను. తూచేటప్పుడు రెగ్యులేటరు తీసెయ్యాలి. పైపు బరువు లాగితే అంకె తప్పు వస్తుంది.

పరీక్ష ఎప్పుడూ ఒకటే: 5 లీటర్ల నీళ్ళు, 28 డిగ్రీల నుంచి 95 డిగ్రీల దాకా, మూత పెట్టి.

వంటింటి పొయ్యి పెద్ద బర్నరు: 18 నిమిషాలు, 50 గ్రాములు. ఒత్తిడి 30 సెంటీమీటర్లు. అన్ని నాబ్‌లూ మూసేస్తే 33.

పైపు, టీ, క్లిప్పులు: 280. ఇప్పటివరకు ఖర్చు: 2,880.

మూడో దశ: జెట్టుతో రెండు ఓటములు (నవంబరు)

హోటలు బర్నరు చేతిలో ఉంది కదా, దాన్నే ఇంటి రెగ్యులేటరుతో వాడదామనుకున్నాను. పొరపాటు ఇక్కడే.

మొదటి ప్రయత్నం: జెట్టు (గ్యాసును బర్నరులోకి చిమ్మే సన్న కన్నపు ముక్క) మార్చకుండా వెలిగించాను. బర్నరు పళ్ళెం అంత ఉంది గానీ ఒక్కో కన్నంలోంచీ దీపపు వత్తి అంత మంట. 5 లీటర్లకు 21 నిమిషాలు. అంటే ఇంటి పొయ్యి కంటే మెల్లగా. కారణం తేలికే. జెట్టు కన్నం ఎక్కువ ఒత్తిడికి తగ్గట్టు సన్నగా ఉంటుంది. తక్కువ ఒత్తిడి పెడితే గ్యాసూ తక్కువే వస్తుంది, వచ్చే గ్యాసుకి గాలిని లాక్కునే వేగమూ ఉండదు.

రెండో ప్రయత్నం: లేతు షాపులో జెట్టు కన్నాన్ని 2 మిల్లీమీటర్లకు పెద్దది చేయించాను. 50 రూపాయలు. వెలిగించగానే మోకాలెత్తు మంట లేచింది. కానీ పసుపుపచ్చ. నీటి పైపు చూస్తే ఒత్తిడి 14 సెంటీమీటర్లకు పడిపోయింది. రెగ్యులేటరు అంత గ్యాసు అందించలేకపోతోందన్న మాట.

- టైము: 9 నిమిషాలు
- గ్యాసు: 110 గ్రాములు
- డేగిసా అడుగున వేలితో గీస్తే గీత పడేంత మసి

ఇంటి పొయ్యి మీద 50 గ్రాములతో అయ్యే పనికి 110 పోశాను. మంట సగం డేగిసా పక్కల నుంచి పైకి పోయింది, మిగతాది సరిగ్గా కాలనే లేదు. పసుపు మంటంటే గాలి చాలక సగం కాలిన గ్యాసు. మూసిన గదిలో అయితే అదే కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు. వంటగ్యాసుకి మనకు తెలిసే ఘాటు కూడా లీకు పసిగట్టడానికి కలిపిన మెర్కాప్టాన్ వల్లే. కాలిన తర్వాత వచ్చే విషానికి అలాంటి హెచ్చరిక ఏమీ లేదు.

ఆ రోజు అమ్మ మసి డేగిసా చూసి ఏమీ అనలేదు. చింతపండు తెచ్చి తోమడం మొదలుపెట్టింది. అది చూసి ఇంక ఆ జెట్టు ముట్టుకోకూడదని తీసేశాను.

జెట్టు లెక్క గురించి ఒక మాట. వచ్చే గ్యాసు కన్నం వెడల్పును బట్టి కాదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 0.8 మిల్లీమీటర్ల కన్నాన్ని 1.6 చేస్తే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అంచనాతో డ్రిల్లు పెట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూడండి. పైగా డ్రిల్లు పెట్టిన కన్నం అంచు గరుకుగా ఉంటే గ్యాసు వంకరగా చిమ్ముతుంది.

చివరికి తక్కువ ఒత్తిడికే తయారైన పెద్ద ఇత్తడి బర్నరు కొన్నాను. గాలీ గ్యాసూ కలిసే పొడవాటి మిక్సింగ్ ట్యూబు, గాలి తగ్గించి పెంచుకునే పలక, 1.5 మిల్లీమీటర్ల జెట్టు, గ్యాసు తెరిచి మూసే కాక్ అన్నీ దాంతోనే వచ్చాయి. 2,400. పాత ఇనప బర్నరు, స్టాండు 700కి పోయాయి.

ఇప్పటివరకు ఖర్చు: 4,630.

నాలుగో దశ: ఒత్తిడి ఎక్కడ పోతోంది?

కొత్త బర్నరు మొదటి పరీక్ష: 8 నిమిషాల 30 సెకన్లు, 70 గ్రాములు. నీలి మంట. బాగానే ఉంది గానీ పొయ్యి మండుతున్నప్పుడు నీటి పైపు 21 సెంటీమీటర్లే చూపిస్తోంది. 30 రావాల్సిన చోట 21. మిగతా తొమ్మిదీ దారిలో ఎక్కడో పోతున్నాయి.

పైపూ రెగ్యులేటరూ రెండూ ఒకేసారి మార్చేస్తే తప్పు దేనిదో తెలియదు. అందుకే ఒక్కొక్కటిగా మార్చాను.

1. పైపు. నేను వాడింది రెండున్నర మీటర్ల పొడవుది, పాతది. ఇంటి పొయ్యికి పైపు మీటరున్నర మించకూడదు. తీగ అల్లిన నారింజ రంగు సురక్షా పైపు, ఐఎస్ఐ గుర్తుది, మీటరున్నర తెచ్చాను. 190. ఒత్తిడి 23కి వచ్చింది.
2. రెగ్యులేటరు. మాది తొమ్మిదేళ్ళ నాటిది. ఏజెన్సీలో మార్పించాను. నాకు 250 అయింది. ఒత్తిడి 26.5.

ఇంతకు మించి రాలేదు. ఈ బర్నరు లాగే గ్యాసుకు ఇంటి రెగ్యులేటరు ఇవ్వగలిగింది ఇదేనని ఆగిపోయాను. మిగిలిన మూడున్నర సెంటీమీటర్ల కోసం రెగ్యులేటరు విప్పి స్ప్రింగు బిగించే పని చెయ్యకండి. బిగించి ఇస్తామనేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. వద్దు.

ఇప్పుడు లెక్క: 7 నిమిషాల 30 సెకన్లు, మళ్ళీ 70 గ్రాములే. గంటకు సుమారు 560 గ్రాములు. కిలో గ్యాసు మండితే వచ్చే వేడి దాదాపు 12.7 యూనిట్ల కరెంటుతో సమానం. అంటే ఇది ఏడు కిలోవాట్లు పైన ఉన్న పొయ్యి. వంటింటి పెద్ద బర్నరుకి మూడు రెట్లు పైనే.

ఇక్కడ నన్ను ఆలోచింపజేసింది టైము కాదు, గ్రాములు. అదే నీళ్ళకు ఇంటి పొయ్యి 50, ఇది 70. డేగిసా అడుగు వెడల్పు తక్కువ కాబట్టి మంట అంచు దాటిపోతోంది. అడుగు వెడల్పున్న గుండిగలో అదే 5 లీటర్లు పోసి చేశాను: 6 నిమిషాలు, 60 గ్రాములు. బర్నరు ముట్టుకోకుండానే గిన్నె మార్చి నిమిషంన్నర, పది గ్రాములు మిగిలాయి. పెద్ద పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టొద్దని మా ఇంట్లో అప్పటినుంచీ ఒక నియమం. టీ గిన్నె దాని మీద పెడితే పిడి కాలిపోతుంది కూడా.

ఇప్పటివరకు ఖర్చు: 5,070. పరీక్షలకే మండిన గ్యాసు: 1 కిలో 400 గ్రాములు.

ఐదో దశ: చోటు, ఎత్తు, గాలి (డిసెంబరు)

మా వంటిల్లు ఎనిమిదికి తొమ్మిది అడుగులు. ఏడు కిలోవాట్ల మంట అక్కడ పెట్టే ప్రసక్తే లేదు. పెరటి వసారాలో పెట్టాను. రెండు వైపులా తెరిచే ఉంటుంది, నేల మీద గుంటలు గానీ తూము గానీ దగ్గర్లో లేవు. వంటగ్యాసు గాలి కంటే బరువు, దాదాపు రెట్టింపు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకి గుంటల్లో నిలుస్తుంది. కాబట్టి కిటికీ పైన ఉంది కదా అనుకుంటే చాలదు. కింద నుంచి గాలి పోయే దారి ఉండాలి.

ఎత్తు దగ్గర ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. అరిసెల పాకం కూర్చుని కలిపే అలవాటు అమ్మది. "అంత ఎత్తున పెడితే కళాయి నా గెడ్డం దాకా వస్తాది, పాకం ఏటి కనపడతాది?" అంది. నేను ఒప్పుకుని 14 అంగుళాల స్టాండు చేయించాను. వారంలో రెండు ఇబ్బందులు తేలాయి. బర్నరు కింద నేల చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది, పైపు ఆ వేడికి దగ్గరగా పోతోంది. రెండోది, సిలిండరు కంటే పొయ్యి ఎత్తులో ఉండాలన్న నియమం పోయింది. వెల్డింగు షాపుకి మళ్ళీ పట్టుకెళ్ళి కాళ్ళు పొడిగించి 27 అంగుళాలు చేయించాను. సిలిండరు మీటరున్నర పైపు అందినంత దూరంలో, పక్కగా, నిటారుగా. అమ్మకి పొడుగు కాడ తెడ్డు ఒకటి, నిలబడటానికి నాలుగంగుళాల చెక్క పీట ఒకటి. పీట కదలకుండా అడుగున రబ్బరు అతికించాను.

స్టాండు రెండు విడతల పని, గాలి అడ్డు రేకు: 1,100. నాపరాయి పలక: 600.

గాలి అడ్డు రేకు కూడా మొదటిసారి కుదరలేదు. సాయంత్రం సముద్రపు గాలికి మంట ఒక పక్కకి వాలిపోతోందని చుట్టూ రేకు గుండ్రంగా మూసేశాను. మంట ఊపిరాడక పసుపు రంగుకి తిరిగింది, కాక్ నాబ్ ముట్టుకోలేనంత వేడెక్కింది. ఇప్పుడు గాలి వచ్చే వైపు మాత్రమే అర్ధచంద్రంలా రేకు, కింద మూడంగుళాల ఖాళీ. నాబ్ వైపు పూర్తిగా తెరిచి ఉంది.

ఇప్పటివరకు ఖర్చు: 6,770.

ఆరో దశ: వంట మీద పరీక్ష (2025 జనవరి, ఫిబ్రవరి)

సంక్రాంతి అరిసెలు. కళాయిలో 3 లీటర్ల నూనె, 175 డిగ్రీలు. ఐదు అరిసెలు వేశాక:

- వంటింటి పొయ్యి: 140కి పడింది, మళ్ళీ ఎక్కడానికి 6 నిమిషాలు
- పెద్ద పొయ్యి: 152కి పడింది, నిమిషంన్నరలో ఎక్కింది

నూనె చల్లారకపోతే పిండి నూనె తాగదు. అమ్మ గెంటెలతో నొక్కి చూసి, ఈసారి నూనె తక్కువ వచ్చిందని చెప్పింది. నాకు అదే చాలు.

పాకం మాత్రం చెడిపోయింది. రెండు కిలోల బెల్లం మధ్యలో మాడి చేదు వచ్చింది. మంటను తగ్గిస్తే మరో గొడవ. సిమ్‌లో ఉండగా 'టప్' మని శబ్దం వచ్చి మంట లోపలికి దిగి, మిక్సింగ్ ట్యూబులో జెట్టు దగ్గరే బుస్సుమంటూ కాలింది. ఇలా అయితే వెంటనే నాబ్ కట్టెయ్యాలి, బర్నరు చల్లారేదాకా ఆగి మళ్ళీ వెలిగించాలి. గాలి పలక సగానికి మూశాక చాలావరకు ఆగింది. పెద్ద మంటకు మళ్ళీ తెరవాలి. పలక మీద రెండు గీతలు గీసి పెట్టుకున్నాను. ఉండపాకం పని మాత్రం వంటింటి పొయ్యికే తిరిగి వెళ్ళింది. అంత పెద్ద బర్నరు సన్నని సెగకు పనికిరాదు.

ఫిబ్రవరి 4, రథసప్తమి. తెల్లవారుజామునే దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళకి, మొత్తం 26 మందికి వంట. మూడున్నర గంటలు. గ్యాసు 1 కిలో 740 గ్రాములు. రెండో గంటలో సిలిండరుకి కింది సగం చెమట పట్టింది. ద్రవం ఆవిరై పోతూ సిలిండరులోని వేడిని లాక్కుంటుంది, మన తీరపు తేమ దాని మీద నీరుగా కూడుతుంది. ఆ చెమట గీత ఎక్కడ ఉందో లోపల గ్యాసు అంత వరకే ఉంది. కాటా లేనప్పుడు ఇది మంచి గుర్తు. సిలిండరు అడుగంటే కొద్దీ మంట త్వరగా తగ్గిపోతోంది, కాబట్టి పెద్ద వంట ఉన్న రోజు సగం పైన ఉన్న సిలిండరే పెడుతున్నాను. మంట పెంచడానికి సిలిండరును వేడినీళ్ళలో పెట్టడం, పడుకోబెట్టడం ఎవరు చెప్పినా చెయ్యకండి.

ఏడో దశ: సంభాళింపు (ఇప్పటిదాకా)

వెలిగించే వరస పొయ్యి పక్క గోడ మీద రాసి పెట్టాను:

1. వాసన చూడు. వంగి, నేల దగ్గర.
2. రెగ్యులేటరు తిప్పు. మొదట నిప్పు, తర్వాత నాబ్.
3. వెలగకపోతే నాబ్ కట్టి రెండు నిమిషాలు ఆగు.
4. పని అయ్యాక ముందు రెగ్యులేటరు కట్టు, తర్వాత నాబ్.
5. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకు. రెగ్యులేటరు తీసి సేఫ్టీ క్యాప్ పెట్టు. 1906కి ఫోను చెయ్యి.

పాడైనవి, బాగు చేసినవి:

ఫిబ్రవరి చివర ఒక రోజు మంట ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు. బర్నరు కన్నాలు పిన్నుతో శుభ్రం చేసినా పోలేదు. మిక్సింగ్ ట్యూబు విప్పితే లోపల సాలీడు గూడు. రెండు వారాలు వాడకుండా వదిలిన ఫలితం. ఇప్పుడు వాడనప్పుడు గాలి మూతికి గుడ్డ కడుతున్నాను. ఎర్ర గుడ్డే, తియ్యకుండా వెలిగించకూడదని కనపడటానికి. జెట్టు కన్నంలో మాత్రం పిన్ను పెట్టొద్దు. ఇత్తడి మెత్తన, కన్నం పెద్దదవుతుంది. ఊదితే చాలు.

మార్చిలో నాబ్ బిగుసుకుపోయింది. కొబ్బరి నూనె చుక్క వేశాను. రెండు రోజులు బాగుంది, తర్వాత వేడికి ఎండి జిగురై అసలు తిరగలేదు. మెకానిక్ విప్పి కిరసనాయిలుతో కడిగి, గ్యాస్ కాక్‌లకు వాడే గ్రీజు పెట్టాడు. ఆ గ్రీజు ట్యూబు 120. పెట్టాక సబ్బు నీళ్ళు రాసి బుడగలు చూశాం. రాలేదు.

ఉప్పు గాలికి స్టాండు నాలుగు నెలల్లోనే తుప్పు పట్టింది. ఉప్పు కాగితంతో గీకి, వేడి తట్టుకునే అల్యూమినియం పెయింటు వేశాను, 180. మంట తగిలే చోట పెయింటు నిలవదు. అక్కడ పెయింటు మానేసి, వాడిన ప్రతిసారీ వెచ్చగా ఉండగానే నూనె గుడ్డతో తుడుస్తున్నాను.

సిలిండరు మార్చిన ప్రతిసారీ రెండు చూస్తున్నాను. మూతిలో నల్ల రబ్బరు వాషరు ఉందా లేదా, పైన రేకు మీద పరీక్ష గడువు. అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి జూలై నుంచి సెప్టెంబరు, డి అక్టోబరు నుంచి డిసెంబరు. గడువు దాటింది వస్తే తీసుకోకుండా వెనక్కి పంపండి.

మొత్తం ఖర్చు: 7,070. అందులో నేరుగా వృథా అయింది 1,950: అటక మీది రెగ్యులేటరు, పైపు 700, జెట్టుకి డ్రిల్లు 50, పాత బర్నరు మీద నష్టం 1,200. పొట్టి స్టాండు కూలి ఇందులో కలపలేదు.

పెద్ద పొయ్యికి ఇప్పటిదాకా మండిన గ్యాసు, పరీక్షలతో కలిపి: 7 కిలోల 900 గ్రాములు.

ఏప్రిల్ 27. పైపు మీద సిలిండరు వైపు ఎలుక పంటి గాట్లు రెండు కనిపించాయి. పై రబ్బరు వరకే, తీగ దాకా పోలేదు. సురక్షా పైపుకి ఐదేళ్ళ గడువున్నా ఆగలేదు. సాయంత్రమే కొత్తది వేయించాను, 190. మొత్తం 7,260. పొయ్యి కట్టేశాక పైపు నేల మీద పడి ఉండకుండా స్టాండుకి ఒక కొక్కెం వెల్డింగు చేయించాలి. ఆ పని వచ్చే ఆదివారం.